కుడికన్ను రింగు

రంభ జెట్టీ. ఇంకా ఆరు కాలేదు.
నా మెడలో రెండు బైనాక్యులర్లు,
ఒకటి పచ్చది, ఒకటి నల్లది.
ఒక్కోటి ఈ పడవకంటే ఖరీదు.
ఆ మాట నేననలేదు.
ఇంజను తాడు లాగుతూ కొర్లయ్యే అన్నాడు, నవ్వుతూ.

బరంపురం ఆఫీసులో పాణిగ్రాహి బాబు
గళ్ళు గీసిన కాగితం చేతికిచ్చాడు.
వెలుగు, అంచు, రంగు, పట్టు, బరువు. పదికెన్ని?
"ఒకటే కొంటాం. సాయంత్రానికి రాసియ్యి.
సంతకం పెట్టి తెచ్చినవి,
మెడలోంచి పట్టీ తియ్యకు."

ముందు పచ్చది.
కళ్ళజోడు తియ్యకుండానే గుండ్రం మొత్తం దొరికింది,
ఇస్త్రీ చేసిన పంచె పరిచినట్టు
ఈ కొస నుంచి ఆ కొసకి ముడతన్నది లేదు.
సూదితోక బాతు ఏ మూల ఈదినా అంతే పదును.
కానీ పక్కకి తిప్పానా,
చిలికా మొత్తం బంతి మీద దొర్లినట్టు దొర్లుతుంది,
పొద్దున తిన్న ఉప్మా గుర్తొస్తుంది.

నల్లది అంచుల్లో కాస్త మెత్తన.
నడిమధ్యన మాత్రం,
ఎదురెండలో నామంకోడి వీపు చుట్టూ
పచ్చది కుట్టిన ఊదారంగు దారం
ఇందులో లేదు.
నలుపు నలుపుగానే ఉంది.
ముక్కుపైన తెలుపు ఇప్పుడే సున్నం పెట్టినట్టుంది.

పచ్చదాని చక్రం వేలికొసకి లొంగుతుంది.
నల్లదానిది సర్కారు తలుపు గడియ,
ముందు మొరాయించి, తర్వాత ఒక్కసారే జారుతుంది.
తూకానికి పచ్చదే తేలిక.
చేతికి నల్లదే.
దాని నడుమ ఖాళీలోంచి నాలుగు వేళ్ళూ దూర్చి
బిందె మెడ పట్టుకున్నట్టు పట్టుకోవచ్చు.

ఇంజను ఆపించి, కూడాను.
పచ్చదానికి ముప్పై ఎనిమిదిన్నర.
నల్లదానికి ముప్పై ఎనిమిది.

"ఓపాలి నాకూ సూపించు తల్లీ."

పచ్చదిచ్చాను. పట్టీ నా మెడలోనే.
ఎడమకన్ను చక్రంతో కుదిరింది.
కుడికన్నుకి రింగు తిప్పాను, తిప్పాను,
అడ్డు తగిలి ఆగిపోయింది.
"రెండు కొండలగుపిస్తన్నాయి. ఒకటి మసకది."
"ఎప్పట్నించి కొర్లయ్యా, ఆ కన్ను?"
"శానా ఏళ్ళయి. అది నాకు సెప్పదు, నేను దాన్నడగను.
వల అల్లేది ఎడందే."

నల్లదిచ్చాను.
పచ్చది ఆగిన చోట ఇది ఆగలేదు.
ఇంకో గీత. ఇంకోటి. ఇంకా సగం.
కొర్లయ్య చెయ్యి గాల్లోకి లేచి
చాలంది.

రెండు గుండ్రాలు ఒకదాన్లోకొకటి జారితే
చప్పుడుండదు.
అతని నోరు తెరుచుకుని ఉంది, అంతే.

పక్షులవైపు తిప్పుతాడనుకున్నాను.
ఘంటశిలకి ఎడంగా
నీళ్ళలో పాతిన వెదురుకర్రల దగ్గర ఆగాడు.
రొయ్యల ఘేరి.
ఇందాక నేనూ చూశాను దాన్ని, రెండు అద్దాల్లోంచీ,
కర్ర మీద వాలిన గరుడపక్షి కోసం.
కర్రని చూడలేదు.

అతని పెదవులు కదులుతున్నాయి.
"ఒక వరసే అనుకున్నాం ఇన్నాళ్ళూ.
రెండున్నాయి.
ముందొకటి, యెనకాల ఇంకోటి.
యెనకాలది పచ్చి వెదురు.
మా వలలేసే సోటది.
రాత్రేళ పాతేసినారు."

కాగితం అడుగున 'ఇతర విషయాలు' అని
ఒకటిన్నర గీత ఖాళీ ఉంది.
నల్లది, అని రాశాను.
కుడికన్ను రింగు ఎక్కువ తిరుగుతుంది, అని రాశాను.
ఎవరి కుడికన్ను అని ఆఫీసులో అడుగుతారు.

కొర్లయ్య ఇంకా దించలేదు.
మళ్ళీ మొదట్నించి లెక్కపెడుతున్నాడు.
పట్టీ నా మెడకే ఉంది.
లాగినప్పుడల్లా నేనూ
అటువైపే వంగుతున్నాను.